అప్పుల సెటిల్‌మెంట్ కంపెనీలో చేరాలా? సంతకానికి ముందు ఎవరిని అడగాలి?

మీరు రాసినదాన్నిబట్టి మీ పరిస్థితి ఇదీ. హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది 58 వేలు. మూడు క్రెడిట్ కార్డుల మీద 4 లక్షల 20 వేలు, రెండు పర్సనల్ లోన్లు కలిపి 5 లక్షల 10 వేలు, మేనమామ దగ్గర ప్రోనోటు మీద 2 లక్షలు. మొత్తం 11 లక్షల 30 వేలు. ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పలేదు గానీ, ఒక కార్డులో తీసి ఇంకో కార్డుకు కడుతున్నారు. ఈలోగా ఒక సెటిల్‌మెంట్ కంపెనీవాళ్లు ఫోన్ చేసి, అంతా 5 లక్షలకు తేల్చేస్తామన్నారు. ముందు 35 వేలు ఫీజు కట్టాలి, ఈ నెల నుంచే వాయిదాలన్నీ ఆపేయాలి, పాత సిమ్ తీసేయాలి, నెలనెలా 15 వేలు వాళ్ల దగ్గర వేయాలి. ఊళ్లో ఒకాయన అదేం వద్దు, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేయమన్నాడు. ఇంట్లో మీ ఆవిడకు ఇంకా తెలియదు.

నా జవాబు: ఆ కంపెనీలో చేరకండి, ఐపీ కూడా పెట్టకండి. వాయిదా తప్పకముందే మీరే బ్యాంకుల దగ్గరికి వెళ్లి, గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. దానికంటే ముందు, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా తనకు రూపాయి రాని మనిషి ఒకరికి మీ లెక్కంతా చూపించండి.

నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు విజయవాడలో మొండి బకాయిల విభాగంలో. రిటైరయ్యాక తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు కాగితాలు పట్టుకుని ఇంటికొస్తే కూర్చుని చూస్తుంటాను. ఇక్కడ రాసేదంతా బల్లకు అటువైపూ ఇటువైపూ కూర్చుని చూసిందే.

ముందు ఒక విషయం విడదీసుకోవాలి. రీషెడ్యూలు వేరు, సెటిల్‌మెంట్ వేరు. రీషెడ్యూలు అంటే అప్పు మొత్తం కడతారు, కాకపోతే ఎక్కువ నెలల్లో కడతారు. సెటిల్‌మెంట్ అంటే బ్యాంకు కొంత వదులుకుని, మిగతాది ఒకేసారి లేదా రెండు మూడు నెలల్లో తీసుకుని ఖాతా మూసేస్తుంది. మొదటిది బతికున్న ఖాతాకు చేసే వైద్యం. రెండోది ఇక రాదనుకున్న ఖాతాకు చేసేది. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అవుతుంది, సాధారణంగా ఆ తర్వాతే ఏ బ్యాంకైనా సెటిల్‌మెంట్ మాట ఎత్తుతుంది. ఇప్పుడు ఆ కంపెనీ మిమ్మల్ని వాయిదాలు ఎందుకు ఆపమంటోందో తెలిసిందా? మీరు సక్రమంగా కడుతున్నంతకాలం వాళ్లు అమ్మడానికి సరుకే లేదు. మిమ్మల్ని ముందు ఎగవేతదారుని చేస్తేనే వాళ్ల వ్యాపారం మొదలవుతుంది.

వాళ్లు చెప్పని లెక్క ఒకటుంది. మీరు నెలకు 15 వేలు వేస్తే ఏడాదికి పోగయ్యేది లక్షా 80 వేలు. ఆ ఏడాదిలో కార్డుల బాకీ ఆగి ఉండదు. నెలకు మూడున్నర శాతం చొప్పున 4 లక్షల 20 వేలు ఏడాది తిరిగేసరికి కాగితం మీద 6 లక్షలు దాటుతుంది, జీఎస్టీ, లేటు ఫీజులు కలపకుండానే. అప్పుడు సగానికి తేల్చామంటే, ఆ సగం పెరిగినదాంట్లో సగం. దాని మీద వాళ్ల ఫీజు.

ఇంకా పెద్ద ప్రమాదం ఆటో డెబిట్‌తో, అంటే వాయిదా మీ ఖాతాలోంచి దానంతటదే కోసుకునే ఏర్పాటుతో. ఖాతాలో డబ్బు లేక అది వెనక్కి పోతే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద అది చెక్కు బౌన్సుతో సమానమైన నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. అందరి మీదా కేసు వేయరు, నిజమే. కానీ వేసినప్పుడు నోటీసుకు 15 రోజుల్లోపల డబ్బు కడితే కేసు ఉండదు. పాత సిమ్ తీసేసి, నోటీసులు తీసుకోవద్దన్న మాట విని కూర్చున్నవాడికి ఆ 15 రోజులు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాయో కూడా తెలియదు.

నాలుగేళ్ల కిందట ఏలూరు నుంచి ఒక మెడికల్ రెప్ వచ్చాడు. ఇలాంటి సంస్థలోనే చేరి తొమ్మిది నెలలు కట్టాడు, ఫీజులతో కలిపి లక్షా 40 వేలు. అతనికున్న అప్పులు నాలుగు. వాళ్లు తేల్చింది ఒక్కటి, అదీ అన్నిటికంటే చిన్న కార్డు. మిగతా మూడూ ఎన్‌పీఏ అయి, ఒకదాని మీద ఊరుగాని ఊరి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. జీతం పడే ఖాతా, పర్సనల్ లోనూ ఒకే బ్యాంకులో ఉండటంతో ఒక నెల జీతంలోంచి బాకీ కింద పట్టేసుకున్నారు. ఆ నెల ఇంటి అద్దె కట్టలేక పెళ్లాం పిల్లల్ని అత్తగారింటికి పంపాడు. నా ముందు కూర్చుని అతను అడిగింది ఒకే మాట: "ఈ ఆటో డెబిట్ సంగతి నాకు ముందు ఒక్కరూ చెప్పలేదేంటి సార్?" చెప్పాల్సినవాళ్లకు అది చెబితే గిరాకీ పోతుంది.

బ్యాంకువాళ్ల తప్పు లేదనడం లేదు. నేనే ఒకసారి, వాయిదా తప్పకుండా కడుతూ గడువు పెంచమని వచ్చిన ఒక చిన్న కిరాణా వ్యాపారితో "మీ ఖాతా బాగానే ఉందిగా, ఇప్పుడేం చేయలేం, తప్పితే అప్పుడు చూద్దాం" అని పంపేశాను. ఆయన నిజంగానే తప్పాడు. తర్వాత వచ్చినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నాడు. ఆ రోజు నేను దరఖాస్తు తీసుకుని పైకి పంపాల్సింది. అందుకే చెబుతున్నాను, కౌంటర్లో నోటిమాటగా అడిగి వెనక్కి రావద్దు. కాగితం ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. లేదా ఈమెయిల్ పెట్టండి. నోటిమాటకు "కుదరదు" అనడం ఎంత సులువో, కాగితానికి అనడం అంత సులువు కాదు.

ఇక మీ లెక్క. మీరిచ్చిన అంకెల ప్రకారం ఇంటి ఖర్చు 27 వేలు, అమ్మగారికి 4 వేలు, చీటీకి 5 వేలు. మిగిలేది 22 వేలు. కట్టాల్సింది చూస్తే కార్డుల మినిమం డ్యూ 21 వేలు, లోన్ల వాయిదాలు 12,400, 6,800, మామయ్యకు వడ్డీ 4 వేలు. మొత్తం 44,200. సగానికి సగం తక్కువ. ఇది ఖర్చు తగ్గించుకుని పూడ్చగలిగే గుంత కాదు, అంచేత మీరు సిగ్గుపడాల్సిన పనీ లేదు. అప్పుల ఆకారమే మార్చాలి.

మామయ్య అప్పును మీరు చివర్లో, ఎంతో బాధగా రాశారు గానీ, నన్నడిగితే మీ అప్పుల్లో మొదట భయపడాల్సింది కార్డులకు. నెలకు మూడున్నర శాతం, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నెలకు నాలుగు రూపాయలు దాటింది. మన ఊళ్లలో నాలుగు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి ఏమని పిలుస్తామో మీకు తెలుసు. మీ మామయ్య తీసుకునేది రెండు రూపాయలు.

చీటీ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అసలు దారి అక్కడే ఉంది. 2 లక్షల చీటీ, 40 నెలలు, 22 కట్టారు, ఇంకా పాడలేదు. వచ్చే నెల పాడండి. వేలంలో వదులుకునే తోపుడు, కమిషన్ పోను లక్షా 75 వేలు వచ్చినా చాలు. జామీను అడుగుతారు, ఉద్యోగం చేసే స్నేహితుణ్ణి ముందే చూసుకోండి. ఆ డబ్బుతో లక్షా 40 వేలున్న కార్డును పూర్తిగా కట్టి మూసేయండి, మూసినట్టు లెటర్ తీసుకోండి. మిగిలిన 35 వేలు మామయ్యకు అసలు కింద ఇచ్చి, ప్రోనోటు వెనకాల చెల్లు రాయించండి. చెల్లు రాస్తే నోటు గడువు మళ్లీ మూడేళ్లు పెరుగుతుంది, అది ఆయనకు ధైర్యం. ఆ ధైర్యం ఇచ్చాక, ఏడాదిన్నర పాటు వడ్డీ ఆపమని అడగడానికి మీకు నోరు వస్తుంది.

మిగిలిన రెండు కార్డుల బాకీ 2 లక్షల 80 వేలను ఈఎంఐలుగా మార్చమని అడగండి. 48 నెలలకు, ఏడాదికి 18 శాతం చొప్పున అయితే 8,200 పైచిలుకు, జీఎస్టీతో మొదట్లో 9 వేలు. పెద్ద పర్సనల్ లోన్ 3 లక్షల 60 వేలను 48 నెలలకు సాగదీస్తే 15 శాతం లెక్కన 10 వేలు. చిన్నది లక్షన్నర, 36 నెలలకు, 16 శాతంతో 5,300. మొత్తం 24,300. మీ చేతిలో ఉన్నది 22 వేలు. ఇంకా 2,300 తక్కువ. ఈ గుంత మాత్రం ఇంట్లో కూర్చుని పూడ్చుకోగలిగిందే. ఏడాదిన్నరకు చీటీ అయిపోతుంది, ఆ 5 వేలు మామయ్యకు మళ్లించొచ్చు. బ్యాంకులు ఇచ్చే రేట్లు దీనికి కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఒక బ్యాంకు ఒప్పుకుని ఇంకోటి ఒప్పుకోకపోవచ్చు కూడా. అయినా 44 వేల నుంచి 24 వేలకు దిగే దారి ఉందని మీకు ముందు కనబడాలి.

ఒక హెచ్చరిక. కార్డు బాకీని ఈఎంఐ చేయించడం మామూలు సదుపాయం. పర్సనల్ లోన్ గడువును ఇబ్బంది వల్ల పెంచితే మాత్రం క్రెడిట్ రిపోర్టులో "రీస్ట్రక్చర్డ్" అని పడొచ్చు, కొంతకాలం కొత్త అప్పు పుట్టడం కష్టమవుతుంది. మీకు కొత్త అప్పు పుట్టకపోవడం ఇప్పుడు నష్టమేమీ కాదు. "సెటిల్డ్" అన్న ముద్ర దీనికంటే చాలా బరువు. రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రాజీ పరిష్కారం చేసుకున్నవాళ్లకు ఆ బ్యాంకు మళ్లీ అప్పు ఇవ్వాలంటే, వ్యవసాయ రుణాలు తప్ప మిగతావాటికి కనీసం 12 నెలలు ఆగాలి. ఆచరణలో వేరే బ్యాంకులు కూడా ఆ ముద్ర చూసి ఏళ్ల తరబడి వెనకాడతాయి.

ఐపీ సంగతి. మన పల్లెల్లో "ఫలానావాడు ఐపీ పెట్టాడు" అంటే అప్పులన్నీ ఎగిరిపోయాయని అర్థం. అది అంత తేలిక కాదు. అది 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటిస్తే మీ ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది. అంతకు ముందు రెండేళ్లలో పెళ్లాం పేరనో తమ్ముడి పేరనో ఊరికే రాసిచ్చినవి, ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి కావాలని ఎక్కువ కట్టినవి రద్దు చేయించొచ్చు. తెనాలి దగ్గర ఒక పెద్దాయన ఎకరంన్నర కొడుకు పేర రాసి, ఎనిమిది నెలల తర్వాత ఐపీ పెట్టాడు. పొలం పోయింది, పదకొండేళ్లు కోర్టు మెట్లెక్కాడు. నిజంగా ఆదాయమే ఆగిపోయి, అమ్ముకోవడానికి ఏమీ మిగలనివాళ్లకు ఐపీ ఒక రక్షణే, కాదనను. నెలకు 58 వేలు వచ్చే మీకు కాదు.

2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల కోసం మంచి పద్ధతి రాశారు. అప్పిచ్చినవాళ్లలో విలువ ప్రకారం నాలుగింట మూడొంతులకు పైగా ఒప్పుకుంటే ఒకే వాయిదాల ప్రణాళిక అందరికీ వర్తిస్తుంది. కానీ 2019 డిసెంబర్ 1న ఆ భాగాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత జామీను ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు, మామూలు జీతగాళ్లకు రాలేదు. కాబట్టి ఎవరైనా "గవర్నమెంటు స్కీము, చట్టబద్ధమైన మాఫీ" అంటే నమ్మకండి. రుణమాఫీ సర్టిఫికెట్లు ఇస్తామంటూ డబ్బు వసూలు చేసేవాళ్ల గురించి రిజర్వు బ్యాంకే 2023 డిసెంబర్‌లో జనాన్ని హెచ్చరించింది.

మరి ఎవరిని అడగాలి? ఎవరిని అడిగినా మనసులో ఒక ప్రశ్న వేసుకోండి: నేను వద్దంటే ఈయనకు నష్టమా? నష్టమైతే ఆయనది సలహా కాదు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. మీకు ఆ పరిమితి దాటినా, ఒక సివిల్ లాయరుకు గంట ఫీజు ఇచ్చి కాగితాలు చదివించుకోండి, 35 వేలతో పోలిస్తే అది లెక్కలోది కాదు. జిల్లా లీడ్ బ్యాంకు కింద నడిచే ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలోనూ అడగొచ్చు. మీ బంధువుల్లో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఎవరో ఒకరు ఉండే ఉంటారు, మొహమాటపడకుండా వెళ్లండి. వెళ్లేముందు మన అప్పుల చరిత్ర రాసిపెట్టే నాలుగు క్రెడిట్ బ్యూరోల నుంచి రిపోర్టులు తీసుకోండి. ఏడాదికోసారి ఒక్కోటి ఉచితం. మర్చిపోయిన అప్పులు, మీవి కాని అప్పులు అందులో బయటపడతాయి. ఏ లోనుకైనా ఎవరైనా జామీను ఉన్నారా, మీ ఆవిడ కో-అప్లికెంటా అన్నది కూడా చూడండి. జామీనుదారుకు మీతో సమానంగా బాధ్యత ఉంటుంది, మీరు వాయిదా ఆపిన మరుక్షణం ఫోన్లు వాళ్లకు వెళతాయి.

అన్నిటికంటే ముందు మీ ఆవిడతో చెప్పండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇంట్లో దాచినవాళ్లు మధ్యలోనే ఆగిపోయారు, ఎందుకంటే దాచినవాడు ఇంటి ఖర్చు తగ్గించలేడు, చీటీ ఎందుకు పాడాడో చెప్పలేడు. ఒక జూనియర్ కాలేజీ లెక్చరరు రెండేళ్లు దాచి, చెప్పిన రాత్రి భార్య ఒక గంట ఏడ్చి, తెల్లారి నోటుపుస్తకం తీసుకుని తనే నా దగ్గరికి వచ్చింది. ఏ బ్యాంకుకు ఏ తేదీన ఎంత కట్టాలో ఆ పుస్తకంలో ఆవిడే రాసుకునేది. మూడేళ్ల రెండు నెలలకు అంతా తీర్చారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఏవేవో ఆలోచనలు వస్తున్నాయని మీరు రాశారు. అది తేలిగ్గా తీసుకునే మాట కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

బ్యాంకు 30 రోజుల్లో మీ ఫిర్యాదుకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు అన్యాయమనిపించినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఖర్చు లేదు. గడువు పెంచి తీరాలని ఆయన బ్యాంకును ఆదేశిస్తాడని ఆశపెట్టుకోవద్దు, కానీ రికవరీ ఏజెంట్ల వేధింపులకు, తప్పుడు చార్జీలకు బాగా పనికొస్తుంది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదన్న నిబంధన ఉంది. కాల్ వివరాలు రాసిపెట్టుకోండి.

ఒకవేళ రేపు ఉద్యోగం పోయి, నిజంగా సెటిల్‌మెంట్ తప్పదనుకోండి. అదీ మీరే చేసుకోవచ్చు, మధ్యవర్తి అక్కర్లేదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద, ఖాతా నంబరు, మొత్తం, చివరి తేదీ, ఇది కడితే ఇక బాకీ లేదన్న మాట రాసి ఇస్తేనే కట్టాలి. డబ్బు లోన్ ఖాతాలోకే వెళ్లాలి, ఏజెంటు ఫోన్‌పేకు కాదు. లోక్ అదాలత్‌లో చేసుకుంటే ఇంకా మంచిది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అప్పీలు లేదన్నది మీకూ వర్తిస్తుంది, కాబట్టి కట్టగలిగే అంకెకే సంతకం పెట్టండి.

ఆ 35 వేలు ఇంకా పంపలేదన్నారు. వచ్చే 5వ తేదీన పెద్ద లోన్ వాయిదా 12,400 ఉంది. ఆ 35 వేల్లోంచే అది కట్టేయండి, చిన్న లోన్ 6,800 కూడా కట్టేయండి. మిగిలిన 15,800 కార్డుల మినిమం డ్యూకు పక్కన పెట్టండి. ఆ వారంలోనే లోన్ల, కార్డుల బ్యాంకులన్నిటికీ దరఖాస్తులు ఇచ్చి, స్టాంపు వేయించుకోండి.